ఇసుక కూడా సామానే

పిల్లలూ, బదిలీ ఆర్డరు వచ్చిన రోజు ఇల్లు ఎలా ఉంటుందో మీకు మేము చెప్పనక్కర్లేదు. అట్టపెట్టెల కోసం కిరాణా కొట్టుకు పరుగు, స్కూల్లో టీసీకి దరఖాస్తు, ఫ్రిజ్‌కు పాత దుప్పటి చుట్టడం. ఆ హడావుడిలో తీసుకెళ్లేవి ఒక గుట్ట, వదిలేసేవి ఒక గుట్ట తయారవుతాయి. మేమిద్దరం టీచర్లమే. పన్నెండేళ్లలో అయిదు ఊళ్లు మారాం. వదిలేసే గుట్టలో ఏమేం పడతాయో మాకు బాగా తెలుసు. పూలకుండీలు, కాలు ఊగే కుర్చీ, నిరుటి క్యాలెండరు. మూడేళ్ల కిందట బికనీర్ నుంచి విశాఖపట్నం వచ్చేటప్పుడు ఆ గుట్టలో మేము ఒక డబ్బాడు ఇసుక కూడా పారబోసి వచ్చాం. అది మా అమ్మాయి పెంచుకునే జెర్బిళ్ల స్నానపు ఇసుక. "ఇసుకను ఎవరైనా రాష్ట్రాలు దాటించి మోసుకెళ్తారా?" అని అప్పుడు నవ్వుకున్నాం కూడా.

ఆ సంగతి మళ్లీ గుర్తు చేసినవాడు మా ఏడో తరగతి కుర్రాడు. ఈ ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, మా జెర్బిల్ ముక్కులోంచి రక్తం కారుతోంది. నాన్నగారికి ఆర్డరొచ్చింది. జబ్బు చేసిన దాన్ని అంత దూరం ఎందుకు, క్వార్టర్ల వెనక మైదానంలో వదిలేద్దాం, ఎలుకే కదా, బతుకుతుంది అంటున్నారు."

"దాని పెట్టెలో ఇసుక ఉందా?" అని అడిగాం.

"లేదు సార్. ఇల్లంతా చిమ్ముతుందని అమ్మ వద్దంది."

ఈ వ్యాసం ఆ కుర్రాడి కోసమే రాయడం మొదలుపెట్టాం. కానీ జెర్బిల్‌నో హామ్‌స్టర్‌నో పెంచుకుంటున్న పిల్లలు మన స్కూళ్లలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. మేము చెప్పదలచుకున్నది ఇది. జెర్బిల్‌కు ఇసుక ఆటవస్తువు కాదు, అది దాని స్నానాలగది. ఇవ్వగలిగితేనే పెంచండి. పెంచితే, బదిలీలో దాని తిండితోపాటు ఇసుకనూ మీతో తీసుకెళ్లండి.

ముందు జెర్బిల్‌ను చూడనివాళ్ల కోసం రెండు మాటలు. పిడికిట్లో పట్టేంత జంతువు. ఒంటి పొడవుకు దాదాపు సమానంగా తోక, ఆ తోక చివర చిన్న కుచ్చు. వెనక కాళ్ల మీద నిటారుగా నిలబడి అటూ ఇటూ చూస్తుంది. భయమేస్తే కాళ్లతో నేలను డప్పులా కొడుతుంది. దుకాణాల్లో అమ్మేది మంగోలియా జెర్బిల్. మంగోలియాలోనూ ఉత్తర చైనాలోనూ ఉండే పొడి గడ్డినేలలు దాని సొంతూరు. దాని చరిత్ర చదివితే మన సర్వీసు రికార్డు చదివినట్టే ఉంటుంది. 1866లో అర్మాన్ డేవిడ్ అనే ఫ్రెంచి మతగురువు ఉత్తర చైనా నుంచి కొన్నింటిని పారిస్‌కు పంపించాడు. 1935లో మరికొన్నింటిని పట్టి జపాన్ ప్రయోగశాలలకు చేర్చారు. వాటి సంతతిలో కొన్ని 1954లో అమెరికా వెళ్లాయి. ప్రయోగశాలల నుంచి పిల్లల గదుల్లోకి, అక్కడి నుంచి ప్రపంచమంతా. ఇన్ని ఊళ్లు మారినా వాటి ఒళ్లు మాత్రం ఇంకా ఆ పొడినేలలోనే ఉన్నట్టు పనిచేస్తుంది. మన అవస్థంతా అక్కడే.

దాని కంటి వెనక ఒక గ్రంథి ఉంటుంది. హార్డర్ గ్రంథి అంటారు. అందులోంచి నూనెలాంటి పదార్థం ఊరి ముక్కు దాకా వస్తుంది. జెర్బిల్ ముందుకాళ్లతో మొహం తుడుచుకుంటూ దాన్ని ఉమ్మితో కలిపి ఒళ్లంతా పట్టించుకుంటుంది. చలికీ తడికీ అది కోటులాంటిది. అమ్మమ్మలు పిల్లలకు నువ్వులనూనె పట్టించినట్టే అనుకోండి. అయితే నూనె పట్టించాక నలుగు పెట్టాలి కదా! జెర్బిల్‌కు ఆ నలుగు ఇసుకే. పక్కకు ఒరిగి, ఒళ్లు చాపి, గిర్రున దొర్లి, లేచి దులుపుకుంటుంది. పాతబడిన జిడ్డు ఇసుక రేణువులతోపాటు రాలిపోతుంది. మన పల్లెల్లో కోడి ఎండపొద్దున దుమ్ములో పొర్లడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ఆ నూనెలో ఎర్రటి రంగు పదార్థం ఒకటి కలిసి ఉంటుంది. ఇసుక దొరకనప్పుడు, బెదిరిపోయినప్పుడు, గాలిలో తేమ ఎక్కువైనప్పుడు అది ముక్కు చుట్టూ పేరుకుంటుంది. చూస్తే అచ్చం ఎండిన రక్తమే. అలాగే వదిలేస్తే చర్మం మండి, వెంట్రుకలు ఊడి, నిజంగానే పుండు పడుతుంది. కాబట్టి ఎర్రగా కనబడగానే చచ్చిపోతుందని బెంగపడొద్దు. అలాగని ఊరుకోనూ వద్దు. తడి గుడ్డతో మెల్లగా అద్ది చూడండి. కింద చర్మం బాగుంటే ముందు ఇసుక పెట్టండి. పుండు కనిపించినా, ఊపిరి తీసేటప్పుడు చప్పుడు వచ్చినా పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాల్సిందే.

జిడ్డుగా ఉంది కదా అని నీళ్లతో స్నానం మాత్రం చేయించకండి. ఒంటి మీది నూనె మొత్తం పోతుంది, అంత చిన్న ప్రాణి చలికి తట్టుకోలేదు. మా అమ్మాయి ఒకసారి వాష్‌బేసిన్ దగ్గర ఆ ప్రయత్నంలో ఉండగా పట్టుకున్నాం. చేతిలో షాంపూ కూడా ఉంది.

ఇక మా పొరపాటు సంగతి. బికనీర్‌లో ఇసుక కోసం వెతుక్కోవలసిన పనే లేదు. ఊరి బయటి దిబ్బల ఇసుక తెచ్చి కడిగి ఎండబెట్టేవాళ్లం. గాలికి దొర్లి దొర్లి ఆ రేణువులు గుండ్రబడి ఉంటాయి. గాలిలో తేమ తక్కువ, గిన్నెలో ఇసుక ఎప్పుడూ పొడిపొడిగా ఉండేది. రెండు జెర్బిళ్లూ పట్టుబట్టల్లా మెరిసేవి. మేము జూలైలో విశాఖపట్నం చేరాం. ఆ నెలలో ఇక్కడ ఆరేసిన తువ్వాలే రెండు రోజులకు గాని ఆరదు. తేమ 50 శాతం దాటితే జెర్బిల్ బొచ్చు చెదిరి, అంటుకుపోయి కనిపిస్తుంది. పదిహేను రోజుల్లో మావి వానలో తడిసిన కోడిపిల్లల్లా తయారయ్యాయి.

అప్పుడు పరుగెత్తాం. ఎదురుగా సముద్రం, కళ్లెదుట కిలోమీటర్ల కొద్దీ ఇసుక. కానీ అందులో ఉప్పు, గవ్వల ముక్కలు. ఎదురింట్లో ఇల్లు కడుతున్నారు, అక్కడ గుట్టగా పోసింది రోబో ఇసుక. అంటే రాయిని మరపట్టి పొడి చేసింది. చేత్తో నలిపి చూస్తే గుచ్చుకుంది, కోరల్లాంటి అంచులు. చివరికి పెంపుడు జంతువుల దుకాణం ఒకదానికి వెళితే, "ఇదే సార్, స్నానం పౌడరు" అని అందమైన డబ్బా ఇచ్చారు. గులాబీ రంగు, మల్లెపూల వాసన. ఆ పౌడరులో దొర్లిన మూడో రోజుకే ఒక జెర్బిల్ తుమ్మడం మొదలుపెట్టింది. రాత్రిపూట పంజరంలోంచి టిక్కు టిక్కుమని ఊపిరి చప్పుడు. డాక్టరు గారు డబ్బా చూసి, "నల్లబల్ల డస్టరు ఎలా దులుపుతారో మీకే తెలుసు కదా మాస్టారూ, దాని గదిలో రోజూ ఆ పనే చేశారు" అన్నారు. మందు వాడాక తగ్గింది. ఆ వారం రోజులూ మా అమ్మాయి మాతో సరిగ్గా మాట్లాడలేదు.

అందుకే ఇప్పుడు గట్టిగా చెబుతున్నాం. స్నానానికి కావలసింది ఇసుక, పొడి కాదు. చించిల్లా అనే దక్షిణ అమెరికా జంతువు కోసం తయారుచేసే మెత్తటి ధూళిని కొన్ని దుకాణాల్లో అన్నిటికీ ఒకటే అన్నట్టు అమ్ముతారు. జెర్బిళ్ల ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. రంగు వేసినవీ, సువాసన కలిపినవీ అసలు ముట్టుకోవద్దు. బల్లుల పెట్టెల్లో పరిచే కాల్షియం ఇసుక కూడా వద్దు. తడి తగిలితే ముద్ద కడుతుంది, ఒళ్లు నాక్కునేటప్పుడు కడుపులోకి పోతుంది. మీ దగ్గరున్నది అదో కాదో తెలుసుకోవడానికి ఎనిమిదో తరగతి సైన్సు చాలు. చెంచాడు ఇసుక మీద వెనిగర్ పోయండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు. నీళ్లలో తడిపి, ఎండినాక ఉండ కట్టిందేమో కూడా చూడండి. దుమ్ము సంగతి ఇంకా తేలిక. కిటికీలోంచి ఎండ పడేచోట గుప్పెడు ఇసుకను పైనుంచి వదలండి. ఇసుక పడిపోయాక కూడా గాలిలో ధూళి తేలుతూ ఉంటే అది ఇంకా కడగాలి.

మాకు సరైన ఇసుక దొరికింది రాజమండ్రిలో. మా అత్తగారింటికి వెళ్లినప్పుడు ఇంటి పని కోసం తెప్పించుకున్న గోదావరి ఇసుక పెరట్లో మిగిలి ఉంటే బకెట్టుడు అడిగాం. (ఇసుక కోసం అల్లుడు అత్తారింటికి వెళ్లాడని అక్కడ ఇప్పటికీ నవ్వుకుంటారు.) ఏటి ఇసుకలో ఒండ్రు ఉంటుంది. నీళ్లు పోసి కలిపి వంపేస్తూ పోయాం. పదకొండోసారికి నీళ్లు తేటపడ్డాయి. పిండి జల్లెడతో గులకరాళ్లు తీసేశాం. ఆ తర్వాత పాత ఇనుప మూకుడులో, సన్న సెగ మీద అరగంట సేపు తిప్పుతూ వేయించాం. ఇసుకలో బఠాణీలు వేయించేవాళ్లు బండి మీద చేసే పనే, బఠాణీలు ఉండవంతే. పురుగులు, బూజు ఉంటే పోతాయి, తడీ పోతుంది. ఈ పని పెద్దవాళ్లు చేయాలి. వేడెక్కిన ఇసుక చూడ్డానికి చల్లటి ఇసుకలాగే ఉంటుంది, చేతులు కాలుతాయి. రాత్రంతా చల్లారనిచ్చి, మర్నాడు పొద్దున గాని వాడకూడదు.

గిన్నె సంగతికొస్తే, జెర్బిల్ ఒళ్లు చాపి దొర్లేంత వెడల్పు ఉండాలి. అడుగున మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన ఇసుక. ప్లాస్టిక్ పెడితే కొరికేస్తుంది. బరువైన పింగాణీ గిన్నె మంచిది, ఒరిగిపోదు. ఇసుక చిమ్మే మాట నిజమే, ఆ కుర్రాడి వాళ్లమ్మగారిని తప్పుపట్టలేం. అంచు ఎత్తుగా ఉన్న గిన్నె పెడితే సగం తగ్గుతుంది. మిగతా సగం ఊడ్చుకోవాలి. ఊడ్చే పని అమ్మది కాదు, పెంచుకునేవాళ్లది.

ఇసుకను ఎప్పుడూ పెట్టెలోనే ఉంచాలా, కాసేపు పెట్టి తీసేయాలా? అనుభవజ్ఞుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. అక్కడే ఉంచితే అది మరుగుదొడ్డి కూడా అయిపోతుందని కొందరి ఫిర్యాదు. మా మాట ఇది. బికనీర్‌లాంటి పొడి ఊళ్లో ఎప్పుడూ ఉంచండి, రోజూ చెంచాతో మురికి తీసేయండి. సముద్రం పక్కన ఉంటే పొద్దున అరగంట, సాయంత్రం అరగంట పెట్టి, మిగతా వేళల్లో మూత బిగించిన డబ్బాలో దాచండి. ఇసుక కూడా గాలిలోని తడి పీలుస్తుంది. తడిసిన ఇసుకలో దొర్లితే జిడ్డు వదలదు సరికదా, ఇంకా అంటుకుంటుంది. వానాకాలంలో వారానికోసారి మూకుడు ఎక్కించక తప్పదు.

స్టాఫ్ రూములో ఒక మిత్రుడు అడిగాడు. "మంగోలియాలో ఎవరు జల్లెడ పట్టారండీ వీటికి? ఎవరు వేయించిపెట్టారు?" ప్రశ్న బాగుంది. అక్కడ ఎవరూ పట్టలేదు. అక్కడ వాటికి నచ్చని చోటు వదిలి నచ్చిన చోటుకు వెళ్లే వీలుంది. తడిగా ఉంటే పొడినేల వెతుక్కుంటాయి, ఎండ మండితే భూమిలోకి దిగుతాయి. మన గదిలో వాటి ప్రపంచమంతా రెండడుగుల పెట్టె. అందులో మనం ఏం పెడితే అదే ఉంటుంది. ఎన్నుకునే హక్కు తీసేసుకున్నాం కాబట్టి మంచి చెడ్డలు చూడటం మన వంతు అయింది. ఈ మాట అంటే ఆయన టీ తాగుతూ, "ట్రాన్స్‌ఫర్ల విషయంలో మన సంగతీ అంతే" అన్నాడు. స్టాఫ్ రూము మొత్తం నవ్వింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇసుక గిన్నె పెట్టేశాం కదా అని ఊరుకుంటే చాలదు. కొందరు పిల్లలు, జెర్బిల్ ఎడారి జంతువు కదా అని పెట్టె అంతా ఇసుకే నింపుతారు. పొడి ఇసుకలో సొరంగం నిలవదు, తవ్వినకొద్దీ కూలిపోతుంది. 1997లో క్రిస్టోఫ్ వీడెన్‌మేయర్ అనే శాస్త్రవేత్త జెర్బిళ్ల మీద ఒక పరిశోధన ప్రచురించాడు. బోనుల్లో పెరిగే జెర్బిళ్లు ఒక మూలన ఆగకుండా గోకుతూనే ఉంటాయి. తవ్వుకోవడానికి ఇసుక ఇచ్చినా అవి ఆ గోకుడు మానలేదు. ముందే తయారుచేసిన బొరియలాంటి గూడు, దానికి దారి ఇచ్చినవాటిలో ఆ అలవాటు ఏర్పడలేదు. అంటే వాటికి కావలసింది తవ్వే పని కాదు, తలదాచుకునే చోటు. అందుకని ఒక జానెడు మందాన ఎండుగడ్డి, కాగితపు ముక్కలు, అట్ట గొట్టాలు వేయండి. ఇసుక గిన్నెను ఒక పక్క విడిగా పెట్టండి. ఇంకో మాట, జెర్బిల్‌ను ఒంటరిగా పెంచకండి. కలిసి పెరిగిన జంటనే తెచ్చుకోండి.

ఇప్పుడు బదిలీ. జెర్బిల్ మామూలుగా మూడు నాలుగేళ్లు బతుకుతుంది. మన పోస్టింగ్ కూడా ఇంచుమించు అంతే. అంటే మీ ఇంటికి వచ్చిన ఏ జెర్బిలైనా తన జీవితంలో ఒక్క బదిలీ అయినా చూడక తప్పదు. తెచ్చుకునే రోజే ఈ లెక్క వేసుకోవాలి. "అప్పుడు చూద్దాంలే" అంటే అప్పుడు చూసేది క్వార్టర్ల వెనక మైదానమే.

ఆ మైదానంలో అది బతకదు. కాకి, పిల్లి, పాము, వీధికుక్క, వీటిలో దేన్నీ అది ఎన్నడూ చూసి ఎరగదు. ఒకవేళ బతికితే అది ఇంకో తలనొప్పి, ఈ నేలది కాని జంతువును ఈ నేల మీదికి వదిలినట్టవుతుంది. మన థార్ ఎడారికి దాని సొంత జెర్బిళ్లు ఉన్నాయి. పగటిపూటే తిరుగుతాయి, బికనీర్‌లో రోడ్డు పక్క దిబ్బల మీద వాటి బొరియలు ఎన్నో చూశాం. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థలో ఈశ్వర్ ప్రకాశ్ అనే శాస్త్రవేత్త వాటిని ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. వాటిని పట్టి ఇంటికి తేవద్దు, ఇంట్లోవాటిని తీసుకెళ్లి అక్కడ వదలవద్దు.

మరి ఇసుకను మోసుకెళ్లడం ఎందుకు, కొత్త ఊళ్లో తయారుచేసుకోవచ్చు కదా అంటారా? చేసుకోవచ్చు, కానీ చేరిన రోజే కాదు. లారీ మూడు రోజులు ఆలస్యం, గ్యాసు ఇంకో వారం, మూకుడు ఏ పెట్టెలో ఉందో అమ్మకే తెలియదు. ప్రయాణంలో బెదిరిపోయిన జంతువుకు ముక్కు దగ్గర ఎర్రరంగు ఎక్కువయ్యేది సరిగ్గా ఆ వారంలోనే. ఇంకో కారణం వాసన. జెర్బిల్ పొట్ట మీద మధ్యలో ఒక గ్రంథి ఉంటుంది, దాన్ని నేలకు రాస్తూ తన చోటును గుర్తు పెట్టుకుంటుంది. తన వాళ్లనూ వాసనతోనే పోల్చుకుంటుంది. కొత్త పెట్టె, కొత్త గడ్డి, కొత్త ఇసుక అన్నీ ఒకేసారి పెడితే దానికి తన ఇల్లు ఎక్కడుందో తెలియదు. మేము బికనీర్‌లో పారబోసింది సరిగ్గా దాన్నే. పాత ఇసుక రెండు గుప్పెళ్లు, పాత గడ్డి కొంచెం కొత్తదానిలో కలపండి. రెండు కిలోల డబ్బా ఒకటి చాలు. దాన్ని లారీ ఎక్కించకండి, మీ చేతిసంచిలో పెట్టుకోండి.

ఆ కుర్రాడికి మా గోదావరి ఇసుకలోంచి ఒక హార్లిక్స్ సీసాడు ఇచ్చాం. నాలుగో రోజు వచ్చి, "సార్, పెట్టిన వెంటనే దూకింది, మూడుసార్లు దొర్లింది" అని చేతులతో చేసి చూపించాడు. ముక్కు మీద ఎరుపు మాసిపోవడానికి రెండు వారాలు పట్టింది. పై పెదవి పక్కన వెంట్రుకలు ఊడినచోటు ఇంకా కొంచెం బోసిగానే ఉంది. మైదానం మాట ఇంట్లో మళ్లీ ఎత్తలేదట.

ఏప్రిల్‌లో వాళ్లు బయలుదేరే రోజు స్టేషనుకు వెళ్లాం. కుర్రాడు ఒక చేత్తో గాలి రంధ్రాలున్న పెట్టె, ఇంకో చేత్తో ఆ సీసా పట్టుకుని నిలబడ్డాడు. వాళ్ల నాన్నగారు సామాను లెక్కపెడుతూ సీసా దగ్గర ఆగారు. వాళ్ల కొత్త పోస్టింగ్ జైసల్మేర్.

"మాస్టారూ, జైసల్మేర్‌కు ఇసుక మోసుకెళ్తున్న మొదటి మనిషిని నేనే అనుకుంటా" అని నవ్వి, "పదిహేడు" అని లెక్కలో కలిపేసుకున్నారు.